దొరగారి మేకుకి అప్పారావు బొమ్మ

"దొరగారికి బొట్టెట్టేవా?" అని అడిగాడు మా ఆయన.

"ఎట్టేను. ఇంక తొంగోండి," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా జరిగిన ఆఖరి మాటలు ఇవే. అప్పటికి దీపాలు పెట్టే వేళ. మర్నాడు పొద్దున్న నేను గంజి పట్టుకెళ్ళేసరికి మనిషి లేడు. ఒక మంచి మాట లేదు, ఒక అప్పగింత లేదు. పైగా నేను చెప్పింది అబద్ధం. ఆ దొరగారి పటం మా ఇంట్లో లేక అప్పటికే చాలా ఏళ్ళు అయిపోయింది. పటం ఉన్న రోజుల్లో కూడా, ఒకానొక పొద్దు తరవాత నేను దానికి బొట్టు పెట్టడం మానేశాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడో, జ్వరంలో తెలియక అడిగాడో, నన్ను ఎత్తిపొడిచాడో, పోనీలే అన్నాడో నాకు ఈనాటికీ అంతుపట్టదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కాపురం చేసినన్నాళ్ళూ ఆ విషయం మీద ఒక్క మాట అనలేదు. పోయే ముందు ప్రశ్న ఒకటి నా నెత్తిన పడేసి, నేను తిరిగి అడగడానికి లేకుండా పోయాడు.

దీన్ని రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు సుజాత. అచ్యుతాపురంలో కంపెనీ పని. ఆదివారం కంపెనీ బస్సు రాదు కాబట్టి నాకు దొరికింది. నాకు వేలిముద్ర బదులు సంతకం గీకడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను నా నోటికి వచ్చినట్టు చెబుతాను, ఇది తన బడి తెలుగులోకి దిద్ది రాస్తుంది. దిద్దితే దిద్దింది, సంగతి మార్చకపోతే చాలు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు రాయిస్తున్నానంటే, మొన్న మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది.

కారు దిగి, చెప్పులు బయటే విడిచి, "నేను ఆర్టిస్టు అప్పారావు గారి మనవరాలినండి, మద్రాసు నుంచి వచ్చాను" అంది. తాతగారు తిరిగిన ఊరు చూడాలని వచ్చిందట. అప్పారావు అంటే మా ఆయనకు నేస్తం. ఇద్దరూ ఒకే గురువు దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నారు. అప్పారావు కుర్రతనంలోనే మద్రాసు పోయి, సినిమా బేనర్లు వేసి, తరవాత పెద్ద ఆర్టిస్టు అనిపించుకుని, పేరూ పరపతీ చూసి పోయాడు. విశాఖపట్నంలో ఇప్పుడు అతని బొమ్మలన్నీ ఒక హాల్లో పెట్టి జనానికి చూపిస్తున్నారట. అందులో ఒక బొమ్మ అందరికీ నచ్చిందని ఆ పిల్ల ఫోనులో తీసి చూపించింది. చూడగానే చేతిలో మంచినీళ్ళ చెంబు కింద పెట్టి దగ్గరకి వంగాను. కిటికీ గట్టు మీద కూర్చున్న అప్పారావు. నల్ల కోటు. ఒక కాలు పైకి ముడుచుకుని, చేతిలో కుంచె వదులుగా పట్టుకుని, ఇప్పుడే ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టున్న ముఖం. వెనకాల కిటికీలో కొండలు.

"కింద ఏదో సీటీ అంటించేరు. ఏటి రాసుందమ్మా?" అన్నాను.

"స్వీయచిత్రం అని మామ్మగారూ. అంటే తాతగారు తన బొమ్మ తనే వేసుకున్నారని."

"అతను ఏసుకోలేదు."

ఆ పిల్ల నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, పెద్దవాళ్ళని చూసి నవ్వే నవ్వు. "మరి సంతకం లేదు కదండీ. ఇంట్లో ఎప్పటినుంచో అలాగే అనుకుంటున్నాం. ఊటీ వెళ్ళినప్పుడు వేసుకున్నారని నాన్నగారు చెప్పేవారు."

"ఊటీ కాదు, గీటీ కాదు. ఆ కొండలు మా కిటికీలోంచి కనపడేయి."

"కొండలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి కదండీ," అంది మెత్తగా. చెప్పాల్సిన రెండు సంగతులూ చెప్పలేకపోయాను. అవి చెప్పడానికే ఇదంతా.

మా ఇల్లు గవరపాలెంలో రెండు గదుల పెంకుటిల్లు. నేను కాపురానికి వచ్చేసరికి నాకు పదహారు దాటాయో లేదో. ఏ సంవత్సరం అంటే నేను చెప్పలేను. చైనా వాళ్ళతో యుద్ధం అయిపోయి, పప్పుబెల్లాల ధర గురించి అందరూ మాట్లాడుకునే రోజులు. ముందు వసారా అంతా మా ఆయన పనిసామాను. అవిసె నూనె సీసాలు, టర్పెంటైను డబ్బా, పొడిరంగుల పొట్లాలు, నూరడానికి చదునైన రాయి. బెల్లం మార్కెట్టు నుంచి వచ్చే బండ్ల వాసన పొద్దున్నే వీధిలో నిండేది. మా ఇంట్లోకి మటుకు అది రాలేకపోయేది. టర్పెంటైను దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసేది. అన్నం ఆ వాసనే, దుప్పట్లు ఆ వాసనే, పుట్టింటికి వెళితే మా అమ్మ నా తల దువ్వుతూ, "నీకు నూని రాసేరా, రంగులు రాసేరా" అనేది. మా అత్త అడ్డపొగ పీల్చేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, ఆ చుట్ట నోట్లో ఉండగానే నాకు పనులు పురమాయించేది. ఏమందో తెలియక మళ్ళీ అడిగితే, చుట్ట తీసి తిట్టి, మళ్ళీ పెట్టుకునేది.

మా ఆయన పని రెండు రకాలు. ఒకటి దుకాణాల బోర్డులు. రెండోది పోయినవాళ్ళ బొమ్మలు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు పోతే, ఏ పెళ్ళి ఫోటోలోనో మూల నిలబడ్డ బొటనవేలంత ముఖం పట్టుకుని వచ్చేవారు. ఆయన దాని మీద పెన్సిలుతో గళ్ళు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, గడి తరవాత గడి పెంచుకుంటూ పోయేవాడు. ఫోటో అన్నదే ఎరగకుండా పోయిన ఆడవాళ్ళుంటే, వాళ్ళ కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ముఖానికి వయసు పెంచి వేసేవాడు. బొమ్మ సగమయ్యేసరికి ఆ కూతురు ఏడుపు మొదలెట్టేది. అప్పుడు ఆయన కుంచె కింద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఏడుపు చూడలేడు, ఓదార్చడం రాదు. కళ్ళు అన్నిటికంటే ఆఖర్న తెరిచేవాడు. తన పేరు ఇంకా ఆఖరు. బొమ్మ పది పదిహేను రోజులు గోడన ఆరాక, గోటితో మూల నొక్కి చూసుకుని, సన్న కుంచెతో కుడివైపు కింద వేసేవాడు. పచ్చిగా ఉండగా వేస్తే అక్షరం పాకిపోతుందట. ఆ పట్టింపు ఎంత పని చేసిందో చెబుతాను.

ఆరుతున్నన్నాళ్ళూ ఆ పోయినవాళ్ళంతా మా వసారా గోడకి వరసగా ఉండేవారు. మా అత్త వాళ్ళని ఊరికే ఉండనిచ్చేది కాదు. "మనింట్లో ఉన్నన్నాళ్ళూ మనోల్లే గుంటా. పస్తెట్టకూడదు," అనేది. కాబట్టి పొద్దున్నే నేను కళ్ళాపి జల్లి, తలకి నీళ్ళు పోసుకుని, కుంకుమ తడిపి, వరసన అందరికీ బొట్టు పెట్టి పువ్వు గుచ్చాలి. అద్దం ఉన్న పటమైతే అద్దం మీద, నుదురు ఉన్నచోట. పచ్చి బొమ్మ అయితే పై కర్ర మీద, రంగు తగలకుండా. ఎవరి అత్తో, ఎవరి తాతో, ఎవరి మొదటి పెళ్ళామో, నాకు ముక్కూ ముఖం తెలియని వాళ్ళు. నెల తిరిగేసరికి నా వేలికి ఆ చోట్లు అలవాటైపోయాయి. చూడక్కర్లేకుండానే పెట్టేసేదాన్ని.

అలాంటి గోడ మీదికి దొరగారు వచ్చారు. పంచదార మిల్లులో యంత్రాలు బిగించడానికి డెన్మార్కు నుంచి ఒక ఇంజినీరు వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. మా ఆయన అక్కడ గోడల మీద నంబర్లు వేయడానికి వెళ్ళేవాడు. ఈయన అక్షరం చూసి ఆ ఇంజినీరుకి ముచ్చటేసి, పాత కేలండరులోంచి ఒక బొమ్మ చింపి ఇచ్చాడు. ఎర్ర గడ్డం, పొడుగు జుట్టు, గోధుమరంగు కోటు వేసుకున్న ఒకడు కిటికీ గట్టు మీద కూర్చుని ఉంటాడు. పక్కన రంగుల పలక. వెనకాల కొండలు, ఏవో తెల్లటి ఇళ్ళు. మా ఆయన దానికి అద్దం బిగించి తెచ్చి వసారా నడుమ మేకుకి వేలాడదీశాడు.

మా అత్త నోట్లోంచి చుట్ట తీసి అడిగింది. "ఎవులు ఈ బాబు?"

"బొమ్మలేసేవోడే అమ్మా. డెన్మార్కు దేశం. ఇతని నేస్తం ఇంకొకడు, ఆడూ బొమ్మలేసేవోడే, ఇతన్ని ఏసేడు. ఇద్దరూ ఊరు గాని ఊర్లో, రోమా అనే పట్నంలో ఉండగా."

"సచ్చిపోయేడా?"

"ఎప్పుడో. నూరేళ్ళ పైమాట."

"అయితే బొట్టెట్టవే గుంటా, సూత్తావేటి," అంది నాతో.

అలా ఆ డెన్మార్కు మనిషికి మా ఇంట్లో రోజూ బొట్టూ, దొరికిన రోజున మందార పువ్వూ. అప్పారావు రోజూ సాయంత్రం వచ్చి ఈ వైభవం చూసి కడుపు పట్టుకుని నవ్వేవాడు. "బావా, దొరకి బొట్టెట్టేరు, బాగుంది. నామాలు కూడా దిద్దేసి ఉప్మాక గుడి తీర్తానికి అట్టుకుపోదుమా?" అనేవాడు. మా ఆయన్ని బావా అంటాడు కాబట్టి నన్ను చెల్లెమ్మా అనేవాడు. పని విషయంలో ఇద్దరికీ పోలికే లేదు. అప్పారావు చెయ్యి జోరు, ఒక పూటలో నిలువెత్తు దేవుణ్ణి నిలబెట్టేస్తాడు. మా ఆయన ఒక చెవి దగ్గర రెండు రోజులుంటాడు.

ఆ పటం వచ్చిన నాటి నుంచి మా ఆయనకి ఒకటే ధ్యాస. భోజనం చేస్తూ దాన్నే చూసేవాడు. ఒకనాడు అప్పారావుతో అన్నాడు. "సూడు బావా, ఈడిని ఏయమని ఎవులూ అడగలేదు. ఎవులూ సచ్చిపోలేదు. ఊరికే ఏసేడు."

"ఊరికే ఎవుడేత్తాడు బావా, పనిలేక?"

"మనిసి ఎదురుగా ఉన్నాడు, అందుకని ఏసేడు. మనం ఎప్పుడైనా అలగ ఏసేమా? మనకి మనిసి పోయేక గాని బేరం రాదు."

అప్పారావుకి మద్రాసు కబురు వచ్చింది అప్పుడే. నెల రోజుల్లో బయలుదేరాలి. "ఎల్లేలోగా నిన్నేత్తాను," అన్నాడు మా ఆయన. దొరగారి పటం ఎంత ఉందో అంతే కొలతకి గుడ్డ బిగించాడు. ఎవరి దగ్గరో నల్ల కోటు ఎరువు తెచ్చారు. వసారా కిటికీ గట్టు మీద అప్పారావుని అచ్చం దొరలాగే కాలు ముడిచి కూర్చోబెట్టాడు. మా అత్త మొదటి రోజే చెప్పింది. "బతికున్నోడిని సేత్తో పటం ఎక్కించకూడదురా. ఫోటో అంటే మిసను, దానికి తెలీదు. నువ్వు కల్లు తెరుత్తావు." విన్నవాడు లేడు.

నా పని ఏమిటంటే, తెల్లపంచె రెండు చేతులా పట్టుకుని అప్పారావు ఎడమ వైపు నిలబడాలి. కిటికీ వెలుతురు పంచె మీద పడి ముఖం నీడ వైపుకి కొడుతుందట. చేతులు పీకేసేవి. వంట పొయ్యి మీద ఉండగా పిలిచేవాడు. కూర మాడిపోతే అత్త తిట్లు నాకు, పంచె వంగితే మొగుడి తిట్లు నాకు. కానీ ఒక మాట చెప్పాలి. ఆ ఇరవై రోజులూ ఆయన పనిచేస్తుంటే చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పోయినవాళ్ళ ముఖాలు వేసేటప్పుడు ఆయన ముఖం కూడా ఫోటోలా ఉండేది. ఇప్పుడు అలా కాదు. అప్పారావు ఏదో కూస్తాడు, ఈయన నవ్వి ఆ నవ్వుతోనే ఒక పూత పెడతాడు. "బావా, నా ముక్కు నీ ఇట్టం వచ్చినంత ఉంది," అంటాడు అతను. "నీ ముక్కు అంతే బావా, ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదు," అంటాడు ఈయన. ఒకనాడు నేను ధైర్యం చేసి అడిగాను, "నన్నెప్పుడేత్తారు?" అని. "దీని తరవాత నువ్వే. పంచె సరిగా పట్టుకో," అన్నాడు. నేను పట్టుకున్నాను.

బొమ్మ అయిపోయింది. కళ్ళు కూడా తెరిచేశాడు. మరునాడు అప్పారావు రైలు. పొద్దున్న వెలుతురులో గోడ మీద ఎలా ఉంటుందో చూసుకోవాలని, ముందు రోజు సాయంత్రమే మా ఆయన దొరగారి పటాన్ని దింపి లోపల గోడకి ఆనించి, ఆ మేకుకే అప్పారావు బొమ్మని తగిలించాడు. నాకు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని ఆయనకి తోచలేదు, అంతే. నేను ఆ సాయంత్రం దొడ్లో ఉన్నాను, తరవాత చీకట్లో గోడ వైపు చూసుకోలేదు.

ఇక్కడి నుంచి నేను ఎవరికీ చెప్పలేదు. సుజాతా, మెల్లిగా రాయి.

పొద్దున్నే ఇంకా వెలుగు సరిగా రాలేదు. కళ్ళాపి జల్లి, కుంకుమ గిన్నె పట్టుకుని, వరసన మొదలుపెట్టాను. పచ్చి బొమ్మలకి కర్ర మీద. నడుమకి వచ్చాను. దొరగారి మేకు. అదే ఎత్తు, అదే కొలత, కిటికీ గట్టు మీద అదే కూర్చోవడం. దొరగారిది అద్దం పటం కాబట్టి నుదుటి మీదే పెట్టాలి. వేలు పెట్టాను. అద్దం చల్లగా గట్టిగా తగలాలి. వేలు మెత్తగా దిగింది. వెన్నలో దిగినట్టు దిగింది. తీసుకుంటే జిగురుగా పట్టుకుని వచ్చింది. అప్పుడు తల ఎత్తి చూశాను. అప్పారావు నన్నే చూస్తున్నాడు, నుదుట బొట్టుతో, పోయినవాళ్ళ వరస నడుమ.

అప్పుడైనా ఊరుకున్నానా? భయంలో చీర చెంగుతో తుడిచాను. కుంకుమ రంగులో కలిసి కనుబొమల దాకా పాకింది. నా కేక విని మా ఆయన లేచి వచ్చాడు. బొమ్మ వైపు చూశాడు, నా వేలు వైపు చూశాడు. చాకు తీసుకుని బొమ్మ దింపి కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళాడు. అంతలోనే గుమ్మంలో అప్పారావు, వాళ్ళమ్మ. బొమ్మ ఎలా వచ్చిందో కొడుకు వెళ్ళేలోగా చూద్దామని ఆవిడ స్నానం చేసి కొత్త చీర కట్టుకుని వచ్చింది.

అప్పారావు అరవలేదు. చెయ్యెత్తి తన నుదురు తడుముకున్నాడు. "పొరపాటు గదా సెల్లెమ్మా. నాకేటీ కాదులే," అన్నాడు గాని ఆ గొంతు అతనిది కాదు. వాళ్ళమ్మ అరిచింది. "నా కొడుకుని సచ్చినోల్ల వరసలో నిలబెట్టి బొట్టెట్టేరా? ఊరు కాని ఊరు ఎల్లేవోడికి ఇదేనా మీరు కట్టిన మూట? ఈ బొమ్మ ఈ గోడ మీద ఇంకొక్క పూట ఉండకూడదు. ఆడితోపాటే ఊరు దాటాల." మా అత్త మధ్యలోకి వచ్చి, "నానప్పుడే సెప్పేను, ఇన్నాడా?" అని తన కొడుకుని తిట్టింది. నన్ను ఎవరూ తిట్టలేదు. ఎవరైనా ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండేది.

మా ఆయన గంటసేపు కూర్చుని, పచ్చి రంగు చాకుతో గీకి, నుదురంతా మళ్ళీ వేశాడు. కుంకుమ మొత్తం రాలేదు. గుడ్డ నేతలోకి దిగిపోయింది. దాని మీదే రంగు కప్పాడు. తరవాత అప్పారావుతో అన్నాడు. "పది రోజులు ఆగు బావా. ఆరేక పేరేసి నేనే పంపుతాను."

"మా అమ్మ ఇంటాదేటి బావా? నేను మల్లీ వచ్చినప్పుడు అట్టుకొత్తాను. అప్పుడేద్దువు గాని."

నాలుగు మూలలా చెక్కముక్కలు కొట్టి, రంగు తగలకుండా పైన గుడ్డ కట్టి, పసిపిల్లని అందించినట్టు అందించాడు. స్టేషనుకి కూడా వెళ్ళాడు. తిరిగి వచ్చాక నేను అడిగాను, "ఎనకాల పెన్సిలుతో అయినా రాయకపోయేరా?" అని.

"ఎనకాల రాయడానికి అదేటి రేసను కార్డా?" అన్నాడు.

ఇదీ ఆయన. ఈ పట్టింపుతోనే ఏం సాధించాడో అడగండి. అప్పారావు దగ్గర నుంచి రెండు కార్డులు వచ్చాయి. క్షేమం, పని బాగుంది, చెల్లెమ్మని అడిగానని చెప్పు. బొమ్మ ఊసు లేదు. తరవాత కార్డులూ లేవు. వాళ్ళమ్మని కూడా తీసుకెళ్ళిపోయాడు, ఇంక ఈ ఊరితో ఏం పని. మా ఆయన కొన్నేళ్ళు ఎదురుచూశాడు. ఎవరైనా మద్రాసు నుంచి వచ్చారంటే సన్న కుంచె కడిగి పెట్టుకునేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు కుతకుతలాడేది. వెళ్ళి అడగరాదా, ఒక కార్డు రాయరాదా. "ఆడికి తెలీదేటి," అనేవాడు. తెలిసినవాడు ఊరుకున్నాడు కదా. అప్పారావు అబద్ధమాడాడని నేను అనను. ఎవరూ అడగకపోతే చెప్పలేదు, ఎవరో తనే వేసుకున్నాడంటే కాదనలేదు. అంతే చేసి ఉంటాడు. నాకు దానికే ఎక్కువ కోపం. అబద్ధమాడితే తిట్టుకోవడానికి ఒక మాట ఉండేది.

బతికున్న మనిషిని ఆయన మళ్ళీ వేయలేదు. నన్ను వేయలేదు. నేనూ అడగలేదు, ఏ ముఖంతో అడుగుతాను. దొరగారి పటం గోడ మీదికి మళ్ళీ ఎక్కింది గాని నా చెయ్యి దాని నుదుటి దాకా వెళ్ళలేదు. కొన్నాళ్ళు అత్త పెట్టింది. అత్త పోయాక ఎవరూ పెట్టలేదు. తరవాత ఒక తుపానులో గోడ నాని, అద్దం లోపలికి నీళ్ళు దిగి, దొరగారి గడ్డం, కోటు, కొండలు ఒకే ముద్ద అయిపోయాయి. నేనే పెంటలో పారేశాను.

ఇప్పుడు మా వీధి చివర ఫ్లెక్సీలు వేసే కొట్టు ఉంది. పోయినవాళ్ళ ఫోటో ఇస్తే టీ తాగేలోగా ఇచ్చేస్తున్నారు. ముఖం ఒకరిది, కోటు ఎవరిదో, వెనకాల ఎవరూ చూడని జలపాతం. మా ఆయనకి పదిహేను రోజులు పట్టేది. పని పోయిందని ఆయన ఏడవలేదు. నేను ఆ కొట్టు ముందు నుంచి కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా ఏడ్చేదాన్ని. ఆయన వేసిన పోయినవాళ్ళు కూడా ఇప్పుడు ఎక్కడున్నారు? ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టారు, పాత పటాలు పారేసి ఫోటోలు పెట్టుకున్నారు. బోర్డులు ఎప్పుడో పోయాయి. ఆయన చెయ్యి పెట్టినవాటిలో ఇంకా బాగా ఉన్నది ఈ లోకంలో ఆ ఒక్క బొమ్మే. అది అద్దాల మేడలో, దీపాల కింద, ఇంకొకరి పేరుతో ఉంది. ఆయన పేరు దాని మీద లేకపోవడానికి నా వేలే కారణం.

మొన్న ఆ పిల్లకి ఈ మాట చెప్పలేకపోయాను. ఫోనులో బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి, "చూడండి మామ్మగారూ, నుదుటి మీద ఈ ఎర్ర నీడ ఎంత బాగుందో. సాయంకాలపు వెలుగు అని అందరూ మెచ్చుకుంటారు," అంది. అది నీడ కాదమ్మా అనబోయాను. తప్పు చేసిన ఆ పదహారేళ్ళ పిల్ల నాలోంచి లేచి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి వెళ్ళబోతూ ఆ పిల్లే, పాపం, పుస్తకం తీసి, "పోనీ, మీ వారి పేరు చెప్పండి, నాన్నగారిని అడిగి చూస్తాను," అంది.

మా కాలంలో మొగుడి పేరు పలకరు. ఆయుష్షు తగ్గుతుందని. రేషను దగ్గర, ఆస్పత్రి దగ్గర పక్కనున్న వాళ్ళ చేత చెప్పించేదాన్ని, లేకపోతే కార్డు చూపించేదాన్ని. ఆ పూట ఇంట్లో ఎవరూ లేరు. కార్డు ఏ పెట్టెలో ఉందో తోచలేదు. ఆ పిల్ల కలం పట్టుకుని నిలబడింది. నేను, "ఆయనేనమ్మా, పెయింటరు, ఈదిలో ఎవులినడిగినా సెప్తారు," అన్నాను. మనిషి పోయాక ఇంకా ఏ ఆయుష్షు తగ్గుతుందని నా నోరు రాలేదో నాకు తెలియదు. నాలుక దాకా వచ్చింది, పళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల 'పెయింటరు' అని రాసుకుని, "వివరంగా రాసి పంపండి మామ్మగారూ, చూస్తాం," అని కారెక్కింది. వీధిలో ఎవరినడిగితే మటుకు ఎవరు చెప్తారు? ఆయన్ని ఎరిగున్నవాళ్ళు నలుగురు కూడా లేరు. ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

అందుకని ఇది రాయిస్తున్నాను. అమ్మాయీ, నువ్వు అప్పారావు మనవరాలివి, నీ మీద నాకు కోపం లేదు. మీ తాత చెడ్డవాడని నేను చెప్పడం లేదు, బొమ్మ తిరిగి ఇమ్మనడం లేదు. ఇస్తే నేనెక్కడ పెట్టుకోను, నా గది గోడలు చెమ్మ. ఆ బొమ్మ నుదుటి దగ్గర, తెలిసినవాళ్ళ చేత రంగు కొంచెం గీకించి చూడు. కింద చాకు గీతలుంటాయి. గుడ్డ నేతలో కుంకుమ ఉంటుంది. తన బొమ్మ తనే వేసుకునేవాడు తన నుదుట కుంకుమ పెట్టి గీక్కోడు కదా. అది పెట్టినదాన్ని నేను. చెరిపి మళ్ళీ వేసింది మా ఆయన. నువ్వు చెయ్యాల్సింది ఆ చీటీ ఒక్కటి మార్చడం.

సుజాతా, నువ్వు తల ఎత్తకు, రాస్తూ ఉండు. నువ్వు చెప్తానంటావు గాని వద్దు, నేనే చెప్పాలి. ఒకసారి నీళ్ళు ఇయ్యి.

నూకరాజు. కర్రి నూకరాజు. గవరపాలెం పెయింటరు కర్రి నూకరాజు ఆ బొమ్మ వేశాడు.

రాశావా? మొత్తం వద్దు, ఎండెక్కిపోయింది, నీకు బట్టలు ఉతుక్కోవాలి. ఆ ఒక్క ముక్క చదివి వినిపించు, నేను విని తప్పు లేదంటే పంపేద్దాం. చదువు.